చంద్రహాసుని పెంచిన తల్లులు



తల్లి గతించిన పసిబిడ్డను చూచినప్పుడు మన నోట మొట్టమొదట వచ్చు మాట "అయ్యో, పాపము" అనునది. ఆ వెనుక వచ్చు మాటలు మాత్రము అంత మంచివి కావు. "పుట్టిన నక్షత్రము మంచిది కాదు, తల్లిని మ్రింగినది" అని యొకరు, "తల్లి చచ్చిన తండ్రి పినతండ్రి, ఇక దాని గతి యింతే" అని యొకరు, "దెబ్బలు తిని పెరిగిన పిల్ల మొండిదగును, బాగుపడదు" అని మఱియొకరు తీర్పు చెప్పుదురు. ఈ మూడు తీర్పులను మేము మా పిడుగురాళ్లలో నీళ్ల కొళాయి కడను, పేరంటములందును పలుమాఱు వినియున్నాము. మొదటి మాట కనికరము. తక్కిన మూడును, కనికరము వలన చేయవలసి వచ్చు పనిని తప్పించుకొను త్రోవలు. బిడ్డ తలవ్రాతయే అట్టిదైనచో మనము చేయవలసినది ఏమియు లేదు గదా!

ఈ తీర్పులు నిలుచునవో లేవో విచారించుటకై ఈ నెల యొక పాత కథను మీ ముందుంచుచున్నాము. అది చంద్రహాసుని కథ. జైమిని భారతమున అశ్వమేధ పర్వమందు నారదుడు అర్జునునకు చెప్పినట్లుగా ఇది యున్నది. 15వ శతాబ్దమున పిల్లలమఱ్ఱి పినవీరభద్రకవి ఆ గ్రంథమును తెనిగించి సాళువ నరసింహరాయనికి అంకిత మొసగెను. పిమ్మట హరికథలు చెప్పువారును, నాటకములవారును, చలనచిత్రములవారును ఈ కథను ఊరూర తిరుగజేసిరి. అయినను మనలో ననేకులకు దీనిలో ఒక్క ఘట్టమే జ్ఞప్తియందున్నది. ఉద్యానమున నిదురించుచున్న చంద్రహాసుని యొద్దనున్న లేఖలో "విషము నిమ్ము" అని యుండగా, విషయ యను కన్య కాటుకతో ఆ యక్షరమును దిద్ది తన పేరుగా మార్చిన ఘట్టమది. ముచ్చటైన దనుటకు సందేహము లేదు. కాని మేము మీకు గుర్తు చేయదలచినది అంతకు ముందటి భాగము.

ఆ బాలుడు కేరళ రాజునకు పుట్టినవాడు. మూలా నక్షత్రమున జన్మించెను, ఎడమ కాలికి ఆఱు వ్రేళ్లుండెను. అనగా, మన వీథిలోని వారు చెప్పదగిన అపశకునములన్నియు వానియందే కూడియున్నవి. అంతలో శత్రువులు దండెత్తి తండ్రిని చంపిరి, తల్లి భర్తతో కూడ ప్రాణములు విడిచెను. నక్షత్రము చెడ్డదని తేల్చుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? కాని ఆ యింటి దాది అట్లు తలపలేదు. బిడ్డను చంకనెత్తుకొని కుంతలపురమునకు పాఱిపోయి, పరుల యిండ్లలో పనిచేసి, వానికి గ్రాసము సంపాదించి పోషించెను. బిడ్డకు మూడేండ్లు నిండునంతలో ఆమెయు గతించెను.

ఇచ్చట ఒక్క నిమిషము నిలువుడు. తండ్రి పోయెను, తల్లి పోయెను, తల్లివలె చూచినదియు పోయెను. ఊరు వేఱు, భాష వేఱు, బంధువు లెవ్వరును లేరు. నేటి లెక్కలో చెప్పవలెనన్న, వాడు వీథి బాలుడు. అట్టివాడు ఎట్లు బ్రదికెను? కవి దీనికొక దేవతను దింపలేదు. ఆ పురమునందలి స్త్రీలు వానిని పిలిచి యొకతె అన్నము పెట్టెను, ఒకతె నీళ్లు పోసెను, ఒకతె తన పిల్లల ప్రక్కను పండుకొననిచ్చెను. ఎవ్వరును వానిని సర్వభారమును వహించి పెంచిన వారు కారు. తలకొక పిడికెడు దయ. ఆ పిడికెళ్లన్నియు కూడి యొక బాల్యమైనది.

తరువాత దుష్టబుద్ధియను మంత్రి యింట భోజనమునకు వచ్చిన విప్రులు, వీథిలో నాడుకొను ఈ బాలుడు ఈ రాజ్యమునకు ప్రభువగునని పలికిరి. ఆ మాట చెవిని పడిన మంత్రి, వానిని అడవికి కొనిపోయి చంపుటకు ఘాతకులను నియోగించెను. వారు కూలికి చంపువారు. అట్టివారికి సైతము ఆ ముఖమును చూచి చేయి రాలేదు. ఆఱవ వ్రేలిని మాత్రము కోసి, చంపితిమనుటకు గుర్తుగా మంత్రికి చూపిరి. అపశకునమని లోకులనిన ఆ వ్రేలే వాని ప్రాణమునకు వెలయైనది! నెత్తురు కాఱుచు అడవిలో ఏడ్చుచున్న బాలుని, వేటకు వచ్చిన చందనావతీపురాధిపతి కుళిందుడు చూచి గుఱ్ఱము దిగి యెత్తుకొనెను. సంతానము లేని ఆ దంపతులు వానిని కన్నకొడుకుగా పెంచి, విద్యాబుద్ధులు చెప్పించిరి.

పిమ్మటి కథ మీకు తెలిసినదే. మేమడుగునది యిది: ఈ కథలో చంద్రహాసుని రక్షించిన వారెందఱు? దాది, పురస్త్రీలు, ఘాతకులు, కుళింద దంపతులు, విషయ, తుదకు ఆ దుష్టబుద్ధి కొడుకే యైన మదనుడు. వీరిలో నొక్కరైనను చివఱిదాక వెంటనుండి కాపాడినవారు కారు. ఒకరు విడిచిన చోట మఱియొకరు అందుకొనిరి. దాది చనిపోయినంత మాత్రమున ఆమె పెంపకము వ్యర్థము కాలేదు. ఒకసారి ప్రేమింపబడిన బిడ్డకు రెండవసారి చాచిన చేయిని పట్టుకొను ధైర్యముండును. ఆ ధైర్యమే దాది యిచ్చిన ఆస్తి.

ఇది పురాణమే గదా యని మీరనవచ్చును. అందుచేత దూరదేశమున జరిగిన యొక పరిశీలనను గూడ చెప్పెదము. హవాయి దీవులలో కవాయి యను చిన్న దీవి కలదు. అచ్చట 1955లో పుట్టిన 698 మంది శిశువులను, ఎమ్మీ వర్నర్ అను విదుషీమణియు ఆమె సహచరులును, వారు నడివయస్సు వచ్చువఱకు కనిపెట్టి చూచిరి. వారిలో మూడవ వంతు పిల్లలు పేదరికము, ఇంట కలహములు, తల్లిదండ్రుల త్రాగుడు, మనోవ్యాధులు మొదలైన కష్టముల నడుమ పెరిగినవారు. లోకము లెక్క ప్రకారము వారందఱును చెడిపోవలెను. కాని వారిలో ముగ్గురి కొకరు చొప్పున యోగ్యులై, ఆత్మవిశ్వాసము గలవారై, ఇతరులయెడ దయగలవారై యెదిగిరి. అట్టివారి చరిత్రలను విచారింపగా తఱచుగా కనబడిన దేమన, తన్ను తానుగా ఒప్పుకొని చేరదీసిన పెద్దవారు ఒక్కరైన వారికి ఉండిరట. ఆ యొక్కరు తల్లిదండ్రులే కానక్కఱలేదు. అవ్వ కావచ్చును, పొరుగింటి యామె కావచ్చును, ఉపాధ్యాయుడు కావచ్చును. కుంతలపుర స్త్రీలు ఎఱిగిన విషయమునే ఆ పండితులు లెక్కలు వేసి తెలిసికొనిరి.

అట్లని తక్కిన రెండు వంతులవారిని మఱువరాదు. చేయి చాచువారు లేనిచో దెబ్బ దెబ్బగనే మిగులును. "కష్టములే మనిషిని గట్టిపఱచును" అని కొందఱు పలుకుచుందురు. కష్టము గట్టిపఱచదు, కష్టములో దొరికిన తోడు గట్టిపఱచును. ఈ భేదమును గుర్తింపనివారు బిడ్డను బాధించుటనే శిక్షణమని భ్రమపడుదురు.

ఇక మన యూరి సంగతి. మా పల్నాటి సీమలో మిరప కల్లములు, ప్రత్తి చేలు, సున్నపు బట్టీలు బిడ్డల కంటికి మొదట కనబడునవి. మా వీథికి కొన్ని యేండ్ల క్రిందట తొమ్మిదేండ్ల బాలిక యొకతె వచ్చెను. తల్లి జ్వరముతో గతించెను. సున్నపు బట్టీలో పనిచేయుచుండిన తండ్రి, పనికని మఱియొక యూరికి పోయి తిరిగి రాలేదు. దగ్గఱి బంధువులు పిల్లను తెచ్చుకొనిరి, తిండి పెట్టుచున్నామను పేరున బడి మాన్పించి మిరపకాయల తొడిమలు తీయించిరి. ఆ పని చేసినవారి చేతులు రాత్రివేళ ఎట్లు మండునో గుంటూరు సీమ స్త్రీలకు చెప్పనక్కఱలేదు. ఆ పిల్ల ప్రతి సాయంకాలము మా పెరటికి వచ్చి, చేతులకు పూసికొనుటకు ఇంత మజ్జిగ యడుగుచుండెను. ఒకనాడు మోచేతి మీద గరిటె కాల్చి పెట్టిన వాత కనబడెను. ఏమని యడుగగా "పొయ్యి తగిలినది" అనెను. పొయ్యి తగిలిన మచ్చ గుండ్రముగా ఉండదు.

ఆ పిల్ల నడవడి మీకు చెప్పవలెను. ఏలయన ఇట్టి బిడ్డలను మనము తఱచు అపార్థము చేసికొందుము. పెట్టిన అట్టులో సగము తిని సగము పావడ కుచ్చెళ్లలో దాచుకొనెడిది. అది దొంగబుద్ధి కాదు, రేపు దొరకునో లేదో యను భయము. తల దువ్వుటకు చేయి యెత్తినచో రెండు చేతులతో ముఖము కప్పుకొనెడిది. అది మొండితనము కాదు, దేహము నేర్చిన పాఠము. అడిగిన దానికెల్ల అబద్ధము చెప్పెడిది. నిజము చెప్పినందుకు దెబ్బలు తిన్నవారికి అబద్ధము ఆశ్రయమగును. కొన్నాళ్లకు మాయందు నమ్మకము కుదురగానే ఉన్నట్లుండి అలుగుట, గిన్నె విసరివేయుట మొదలుపెట్టెను. "చనువిచ్చిన నెత్తికెక్కినది" అని మా వీథివారనిరి. మాకు మాత్రము సంతోషమైనది. కోపము చూపినను ఇచ్చట కొట్టరని పరీక్షించి తెలిసికొనుచున్నది గదా!

మేమొక్కరమే ఆమెకు దిక్కైతిమని చెప్పికొనము, అది నిజమును కాదు. వీథి మొగను ఆకుకూరలు అమ్ము అవ్వ ప్రతిదినము తట్ట దింపగానే ఆ పిల్లను పేరు పెట్టి పిలిచి యొక పని చెప్పెడిది, ఆ పనికి జామకాయయో రేగుపండ్లో ఇచ్చెడిది. మా వారు బడిపంతులు గనుక, ఆమె పేరు మఱల పట్టీలో నెక్కించి, వెనుకబడిన పాఠములు అరుగు మీద చెప్పిరి. వాత సంగతి మేము అధికారులకు తెలుపగా, వారు వచ్చి విచారించి, బంధువులను హెచ్చరించి, పిల్లను కొంతకాలము బాలికల వసతి గృహమున ఉంచిరి. ఆఱవ తరగతిలో కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయమున చేరెను. బడి మానిన బీద బాలికల కొఱకు 2004లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన వసతి పాఠశాలలవి. నేడామె పెద్ద చదువు చదువుచున్నది. ఇప్పటికిని సంచిలో ఒక బిస్కత్తుల పొట్లము లేనిదే ప్రయాణము చేయదట. కొన్ని భయములు పూర్తిగా పోవు. అవి యుండగానే మనిషి నవ్వగలదు, చదువగలదు, ఇతరులకు పంచగలదు.

అట్టి బిడ్డకు మనము ఏమి చేయవలెనని సోదరీమణులు అడుగవచ్చును. పెద్ద పనులు అక్కఱలేదు. ప్రతిదినము ఒకే వేళకు ఒక ముద్ద. పేరు పెట్టి పిలుచుట. తల దువ్వబోవు ముందు "దువ్వనా?" అని యడుగుట. వచ్చెదమన్న నాడు వచ్చుట, రాలేమన్నచో ముందుగా చెప్పుట. నలుగురిలో నిలువబెట్టి "నీకేమి జరిగినదే?" అని కథ చెప్పించుకొనకుండుట. తానై చెప్పిననాడు కంట తడి పెట్టి హడావిడి చేయక, "నీ తప్పు కాదు" అని చెప్పి నమ్ముట. మన పిల్లలతో సమానముగా కంచము పెట్టుట. ఈ కంచపు మాట మా పల్నాటివారికి క్రొత్తది కాదు. చాపకూటి పంక్తిని సాగించిన బ్రహ్మనాయుడు, లోకము దూరముంచిన కులమున పుట్టిన కన్నమదాసును కొడుకుగా చేకొని సేనానిని చేసెనని వీరగాథ చెప్పుచున్నది. పెంపకమునకు రక్తసంబంధము హద్దు కాదని మా నేల ఎన్నడో పాడుకొన్నది.

అయితే కుళిందునకును మనకును ఒక భేదమున్నది. ఆతడు అడవిలో దొరికిన బిడ్డను గుఱ్ఱముపై నిడుకొని యింటికి తెచ్చుకొనెను. నేడు మనమట్లు చేయరాదు. 2015లో వచ్చిన బాలల న్యాయ చట్టము ననుసరించి, దిక్కులేని బిడ్డ దొరకినచో ప్రయాణ కాలము గాక 24 గంటలలోపల బాలల సంక్షేమ సమితి యెదుట నుంచవలెను. దయతోనైనను రహస్యముగా ఉంచుకొన్నచో ఆ బిడ్డను వెదకుచున్న తల్లికి అన్యాయము చేసినవారమగుదుము. దయ పేరున పనిమనిషిగా తెచ్చుకొనువారును లేకపోలేదు. అదే చట్టము తన రక్షణమున నున్న బిడ్డను హింసించిన వారికి మూడేండ్ల వఱకు కారాగారమును, లక్ష రూపాయల జుల్మానాయును విధింపవచ్చునని చెప్పుచున్నది. బిడ్డ దేహమునకు మానభంగము కలిగించు దుర్మార్గముల కొఱకు 2012 నాటి చట్టము వేఱుగా కలదు. దాని ప్రకారము, తెలిసియు తెలుపకుండుట గూడ నేరమే. 2016లో సవరింపబడిన చట్టము 14 ఏండ్లు నిండని వారిని ఏ పనియందును కూలికి పెట్టరాదని శాసించుచున్నది. బడి వేళలు గాక ఇంటి పనికి తోడ్పడుట ఒక మినహాయింపు.

ఇవన్నియు ఎవరికి చెప్పవలెనను సందేహము వలదు. 1098 అను సంఖ్యకు రాత్రియనక పగలనక, ఖర్చు లేకుండ ఫోను చేయవచ్చును. 1996లో బొంబాయిలో ఆరంభమైన ఈ యేర్పాటును 2023లో ప్రభుత్వము తన చేతికి తీసికొని, 112 అను సంఖ్యతో జోడించెను. బిడ్డయే చేయవచ్చును, చూచినవారెవరైనను చేయవచ్చును. "పొరుగింటి గొడవ మనకేల?" అనువారికి మేము చెప్పున దొక్కటే: దుష్టబుద్ధి యింటి గొడవ యని ఆ యూరివారందఱు అనుకొనియుండినచో చంద్రహాసుడు మూడేండ్లు దాటకయే పోయియుండును.

ఒక ఫోను, ఒక ముద్ద అన్నము వలన లోకము మారునా యని నిరాశపడువారు, నెల్లూరున పుట్టిన శాంతా సిన్హా గారి కృషిని తలచుకొందురు గాక. తాతగారైన మామిడిపూడి వేంకటరంగయ్య గారి పేర 1981లో నెలకొల్పబడిన సంస్థ ద్వారా ఆమెయు సహచరులును పల్లెపల్లెకు తిరిగి, పనిలో నున్న పిల్లలను మాన్పించి బడులకు పంపిరి. అందులకు 2003లో ఆమెకు మెగసెసె బహుమానము వచ్చెను, 2007లో జాతీయ బాలల హక్కుల సంఘమునకు ఆమె తొలి అధ్యక్షురాలైరి. పని చేయుచున్న బిడ్డను చూచి "పాపము, వారింటి అవసరము" అని సరిపెట్టుకొనక, బడికి పోని ప్రతి బిడ్డయు పనిబిడ్డయే యని వారు నిశ్చయముగా పలికిరి.

తుదకు కథ ముగింపును గూర్చి యొక మాట. దుష్టబుద్ధి చంద్రహాసుని చండికాలయమునకు పంపి, అచ్చట చంపుటకు మనుష్యులను దాచియుంచెను. దైవవశమున బావకు మారుగా మదనుడు పోయి హతుడయ్యెను. అది చూచి దుష్టబుద్ధియు ప్రాణములు విడిచెను. చంద్రహాసుడు దేవి యెదుట తన తలనే అర్పింపబూని, ఆ యిద్దఱిని బ్రదికింపుమని వేడెను, దేవి బ్రదికించెను. తన్ను చంపజూచిన వాని ప్రాణమును యాచించుట! ఇంతటి యౌదార్యము ఎచ్చటనుండి వచ్చెనని మేము పలుమాఱు తలపోసితిమి. అది పురస్త్రీలు పెట్టిన అన్నము నుండి, దాది మోసిన చంక నుండి వచ్చినదని మాకు తోచుచున్నది.

కాని జాగ్రత్త! ఈ ముగింపును చూపి, దెబ్బలు తిన్న బిడ్డతో "పెద్దవారు గదా, మఱచిపొమ్ము, కాళ్లకు మ్రొక్కుము" అని చెప్పు బంధువులు కలరు. కవి ఆ క్షమను వ్రేలు తెగి అడవిలో ఏడ్చుచున్న పసివాని చేత చేయింపలేదు. పెరిగి, బలవంతుడై, ఎవరి దయకును లోబడక నిలిచిన యువకుని చేత చేయించెను. క్షమించుట గాయపడినవారి హక్కు, ఇతరులు వారి తరఫున చేయదగిన దానము కాదు. బిడ్డగా నున్నప్పుడు వానికి కావలసినది క్షమాపాఠము కాదు, రక్షణము. మొదట గాయము మానవలెను. పిమ్మట క్షమింతురో క్షమింపరో వారి యిష్టము.

ఈ నెల మీ పిల్లలకు చంద్రహాసుని కథ చెప్పునప్పుడు కాటుకతో అక్షరము దిద్దిన ఘట్టమునకు పరుగిడక, ముందటి భాగమును నెమ్మదిగా చెప్పుడు. కథలు చెప్పువారు ఆ తల్లిని దాది యనియే చెప్పుదురు, అన్నము పెట్టిన పురస్త్రీలను పురస్త్రీలనియే చెప్పుదురు. పేర్లెందుకు లేవని పిల్లలడిగినచో, ఆ చోట ఏ తల్లి పేరైనను సరిపోవును గనుకనే యని చెప్పుడు.